కరెంటు బిల్లు కార్డు మీద కట్టడమంటే మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు తేవడమే

మీరు అడిగింది ఇది: "విశాఖలో ఉంటాం. వేసవిలో కరెంటు బిల్లు మూడు వేలు దాటుతోంది. నాలుగు నెలలుగా క్రెడిట్ కార్డు మీద కట్టి, కార్డుకి మినిమం డ్యూ, అంటే కనీసం ఇంత కట్టమని అడిగే మొత్తం, మాత్రం కడుతున్నాను. నాన్నగారికి ఆయాసం, అందుకే ఏసీ పెట్టించాం. దాన్ని అమ్మేసి బాకీ తీర్చేయమంటారా?"

ఏసీ అమ్మకండి. ముందు ఆ మాట గట్టిగా చెప్పేసి, తర్వాత మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మేం గోపాలపట్నంలో ఉంటాం. మా ఆయనది ఆటోనగర్‌లో లేత్ మిషన్ పని. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. 2022 దసరా వెళ్లాక అత్తయ్యకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మాది పై వాటా, నెత్తి మీద శ్లాబు. విశాఖలో ఎండ అంత ఉండదు, సముద్రం ఉంది కదా అంటారు బయటి ఊళ్లవాళ్లు. ఆ సముద్రం వల్లే ఒంటిమీద చెమట ఆరదు. మంచం మీంచి కదల్లేని మనిషికి వీపంతా తడి. పుళ్లు పడితే మానడం కష్టమని డాక్టరు గారు హెచ్చరించాక, 2023 ఏప్రిల్‌లో ఏసీ కొన్నాం. 36 వేలు. తొమ్మిది వాయిదాలు, నెలకి 4 వేలు, "వడ్డీ లేదమ్మా, నో కాస్ట్ ఈఎంఐ" అన్నాడు షాపులో కుర్రాడు.

ఈ నో కాస్ట్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీ ఎక్కడో ఒక చోట కూర్చునే ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజులోనో, రొక్కం ఇచ్చినవాడికి తగ్గించి మనకి తగ్గించని ధరలోనో ఉంటుంది. ఏ వస్తువైనా వాయిదాల మీద కొనేముందు "రొక్కం ఇస్తే ఎంతకిస్తారు" అని అడగండి. ఆ రెండు ధరల తేడాయే మీరు కట్టే వడ్డీ. మేం అడగలేదు.

వాయిదా 4 వేలు ప్రతి నెలా 5వ తేదీన ఖాతాలోంచి పోయేది. అదే సమయంలో మా ఆయనకి రెండు నెలల జీతం ఆలస్యమైంది. దాంతో కిరాణా, పెట్రోలు, గ్యాసు, కరెంటు బిల్లు అన్నీ కార్డు మీదికి ఎక్కాయి. జూన్‌కి కార్డు బాకీ 38 వేలు అయింది. స్టేట్‌మెంటులో మినిమం డ్యూ 1,900 అని ఉండేది. అది కడితే ఫోన్లు రావు, అందుకే అంతా బాగానే ఉందనుకున్నాం ఇద్దరం. నెలనెలా కడుతున్నాం కదా, తగ్గుతూనే ఉంటుందిలే అనుకున్నాం.

ఆ జూన్‌లో వానలు ఆలస్యమయ్యాయి. ఒకరోజు పొద్దున్న కరెంటు బిల్లు వచ్చింది, 380 యూనిట్లు, అన్నీ కలిపి 2,600 దాటింది. ముందు గదిలో మా ఆయనా నేనూ దాని మీద మాటా మాటా అనుకున్నాం. మధ్యాహ్నం నేను జాకెట్లు ఇచ్చిరావడానికి ఎన్ఏడీ కూడలి దాకా వెళ్లి మూడింటికి తిరిగొచ్చాను. అత్తయ్య గదిలో ఏసీ ఆపేసి ఉంది. దిండు తడిసిపోయింది. కుడిచేత్తో విసనకర్ర పట్టుకుని, దాన్ని ఊపే ఓపిక లేక గుండెల మీద పెట్టుకుని పడుకుంది. రిమోట్ ఆవిడకి అందేలా మంచం పక్కనే పెడతాం మేం. ఆవిడే ఆపేసింది.

"ఏటత్తయ్యా ఇది?" అన్నాను.

"నా ఒక్కదాని కోసం ఇంటిల్లిపాదీ అప్పులపాలవ్వాలేటి? నాకు ఇసనకర్ర సాల్లే" అంది.

ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. బాకీ చేసింది మేం, దాన్ని అర్థం చేసుకోనిది మేం. శిక్ష మాత్రం ఇంట్లో అందరికన్నా బలహీనమైన మనిషి వేసుకుంది. మీ నాన్నగారు ఆయాసంతో ఉన్నారని రాశారు. బిల్లు గురించి మీరిద్దరూ మాట్లాడుకునేది ఆయన చెవిన పడుతూనే ఉంటుంది. అందుకే ఏసీ అమ్మవద్దని ముందే అన్నాను.

సాయంత్రం కింది వాటాలో ఉండే బాబాయి గారి దగ్గరికి బిల్లూ, కార్డు స్టేట్‌మెంటూ పట్టుకుని వెళ్లాను. ఆయన బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కళ్లజోడు పెట్టుకుని రెండూ చూసి, "అమ్మాయ్, పూర్ణా మార్కెట్లో ఎవరైనా మూడున్నర రూపాయల వడ్డీకి అప్పిస్తానంటే తీసుకుంటావా?" అని అడిగారు. "మూడు రూపాయలంటేనే భయం బాబాయి గారూ, మన వీధిలో రెండు రూపాయలకి మించి ఎవరూ తేరు" అన్నాను. "మరి ఇదేమిటి?" అని స్టేట్‌మెంటు వెనక పేజీలో సన్నక్షరాలు చూపించారు. నెలకి 3.5 శాతం. సంవత్సరానికి 42 శాతం.

బిల్లు వెనక్కి తిప్పి పెన్సిలుతో లెక్క వేశారు. 38 వేలకి నెల వడ్డీ 1,330. దాని మీద 18 శాతం జీఎస్టీ 239. మొత్తం 1,569. నేను కట్టే 1,900లో అసలుకి చేరేది 331 రూపాయలు. నెలకి నూరు జాకెట్ల దాకా కుట్టే దాన్ని, 331 రూపాయల కోసం ఎన్ని రాత్రులు కూర్చున్నానో అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి చెప్పారు, ఇది మీకు అన్నిటికన్నా ముఖ్యం. పాత బాకీ పూర్తిగా తీర్చకుండా నిలబెట్టుకున్నవాళ్లకి కార్డు మీద వడ్డీ లేని గడువు ఉండదు. కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. అంటే మీరు ఈ నెల కార్డు మీద కట్టిన మూడు వేల కరెంటు బిల్లుకి మొదటి రోజు నుంచే మూడున్నర రూపాయల వడ్డీ. కరెంటు వాడేశాం, అన్నం తినేశాం, పెట్రోలు కాలిపోయింది. ఆ ఖర్చులకి వడ్డీ కట్టడం తప్పు. ఇల్లు కొన్నా, కుట్టుమిషన్ కొన్నా అప్పుకి అర్థం ఉంది, రోజువారీ ఖర్చుకి లేదు. నా అభిప్రాయం ఇది, ఎవరు కాదన్నా మార్చుకోను.

మర్నాడే నా పెళ్లినాటి గొలుసు ఒక ప్రభుత్వ బ్యాంకులో తాకట్టు పెట్టి, కార్డు బాకీ 38 వేలూ ఒక్కసారే కట్టేశాం. సంవత్సరానికి 9 శాతం, అంటే ముప్పావలా వడ్డీ. నెలకి 285 రూపాయలు. 1,569 ఎక్కడ, 285 ఎక్కడ? మనవాళ్లు బంగారం తాకట్టు పెట్టడం నామోషీ అంటారు. మా ఆడపడుచు నాతో నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కార్డు బాకీ ఎవరికీ కనబడదు కాబట్టి పరువుగా ఉంటుంది, మెడ బోసిగా ఉంటే నలుగురూ చూస్తారు. నేనైతే బోసి మెడే మేలంటాను. బంగారం లేకపోతే డ్వాక్రా సంఘంలో పొదుపు మీద అప్పు అడగండి, కార్డు వడ్డీ కన్నా ఏదైనా నయమే. ఫోన్లో పది నిమిషాల్లో డబ్బులు వేస్తామనే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకండి. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనల ప్రకారం, డిజిటల్ అప్పు ఇచ్చేవాళ్లు ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో ముందే రాతపూర్వకంగా చూపించాలి. అది చూపించని చోట సంతకం పెట్టొద్దు.

ఇక బిల్లు సంగతి. బాబాయి గారు ఆ రోజే దాన్ని కూడా విడదీసి చూపించారు. 2022లో మారిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, అక్కణ్ణించి 400 దాకా 8.75. మా 380 యూనిట్లలో మొదటి 225కి పడింది 1,017 రూపాయలు. మిగిలిన 155కి 1,356. దాని పైన ఇంధన సర్దుబాటు అని యూనిట్‌కి 40 పైసలు. బొగ్గుకీ, బయట కొన్న కరెంటుకీ అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చయితే ఆ తేడా తర్వాతి బిల్లుల్లో మన మీద వేస్తారు. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రం మన ఊరి పక్కనే 2,000 మెగావాట్లు తయారు చేస్తుంది, కానీ దానికి కావలసిన బొగ్గు ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి రైల్లో రావాలి. పొగ మనకి, రేటు మాత్రం అందరితో సమానం. గ్యాసు కూడా అంతే. డాల్ఫిన్స్ నోస్ దగ్గర కొండ రాతి కింద 60 వేల టన్నుల ఎల్పీజీ నిలవ చేసే గుహ ఉంది. 2025 ఏప్రిల్‌లో సిలిండరుకి 50 రూపాయలు పెంచితే విశాఖ వాళ్లకీ పెరిగింది. ఈ ఊరి గాలి పీల్చేవాళ్లకి కొంచెం తగ్గించి ఇవ్వాలని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను.

సరే, 225 దాటిన యూనిట్లు ఎక్కడికి పోతున్నాయి? అందరం ఏసీయే అనుకున్నాం. మా అబ్బాయి అప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. "అమ్మా, ఊహలెందుకు, మీటర్నే అడుగుదాం" అన్నాడు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది చూడండి. మా మీటరు ముఖం మీద 3200 అని ఉంటుంది. ఆ లైటు 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు.

రాత్రి పదకొండింటికి అత్తయ్య నిద్రపోయి గది చల్లబడ్డాక, ఏసీతో సహా అన్నీ ఆపేశాం. ఫ్రిజ్ ఒక్కటే ఉంచాం. మెట్ల కింద మీటరు దగ్గర ఇద్దరం కూర్చున్నాం. నేను ఫోన్లో టైము చూస్తుంటే వాడు లెక్కపెట్టాడు. నిమిషానికి ఎనిమిది సార్లు. ఐదు నిమిషాలాగి మళ్లీ చూశాం, ఎనిమిదే. పావుగంట తర్వాత, అరగంట తర్వాత కూడా ఎనిమిదే. దోమలు కుడుతున్నాయి, వీధి కుక్క వచ్చి మా పక్కనే పడుకుంది. పన్నెండున్నర దాకా ఒక్కసారైనా ఫ్రిజ్ ఆగుతుందేమోనని చూశాం. ఆగలేదు. మంచి ఫ్రిజ్ అయితే చల్లబడ్డాక కాసేపు ఆగి మళ్లీ మొదలవ్వాలి.

వాడు అక్కడికక్కడే లెక్క కట్టాడు. నిమిషానికి 8 అంటే గంటకి 480. ఆరు గంటల నలభై నిమిషాలకి ఒక యూనిట్. రోజుకి 3.6, నెలకి 108 యూనిట్లు. పదకొండేళ్ల ఫ్రిజ్, నెలకి 108 యూనిట్లు తింటోంది! పైకొచ్చి తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగితే, పట్టు లేకుండా జారి వచ్చేసింది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఎండి బీటలు వారింది. లోపలి చల్లదనమంతా వంటగదిలోకి పోతోంది. ఏసీని ఆడిపోసుకుంటున్నాం, అత్తయ్య చెమటలో పడుకుంది, దొంగ వంటింట్లో ఉన్నాడు.

రబ్బరు మార్చడానికి కూలీతో కలిపి 600 అయింది. మర్నాటి నుంచి ఫ్రిజ్ ఆగి ఆగి నడవడం మొదలుపెట్టింది. డాబా మీద సున్నం రెండు పూతలు వేశాం, మా ఆయనా అబ్బాయీ ఒక ఆదివారం పూట. ఆ తేడా మధ్యాహ్నం శ్లాబు కింద చెయ్యి పెడితే తెలిసేది. ఏసీ 18లో ఉండేది, దాన్ని 27కి పెట్టి ఫ్యాను కూడా వేశాం. 2020 నుంచి కొత్త ఏసీలన్నీ మొదట 24 మీదే రావాలని కేంద్రం నిబంధన పెట్టింది ఇందుకే. అత్తయ్యకి 27 చాలా సుఖంగా ఉంది, 18లో ఆవిడకి కీళ్లు బిగుసుకునేవట, మొహమాటపడి చెప్పలేదు. ఇంకోటి, మన ఊళ్లో ఉప్పు గాలికి ఏసీ బయటి పెట్టె తొందరగా తుప్పు పడుతుంది. వేసవి ముందు దాన్ని ఒకసారి శుభ్రం చేయించండి, మురికి పట్టినా ఎక్కువ కరెంటు లాగుతుంది.

తర్వాతి బిల్లు 265 యూనిట్లు. వానలు పడ్డ పుణ్యం కూడా కొంత ఉంది. కానీ తగ్గిన 115 యూనిట్లూ 8.75 పడేవే, అంటే వెయ్యి రూపాయల పైచిలుకు. ఆ వెయ్యి ప్రతి నెలా గొలుసు బాకీలోకి కట్టాం. డిసెంబరులో ఏసీ వాయిదాలు అయిపోయాక ఆ 4 వేలు కూడా అందులోకే మళ్లించాం. 2024 వేసవి దాటకుండానే గొలుసు విడిపించుకున్నాం. ఇంటికి తేగానే అత్తయ్య చూపించమని అడిగి, కుడిచేత్తో పట్టుకుని చాలాసేపు చూసి, నా మెడలో తనే వెయ్యాలంది. ఒక్క చేత్తో కొక్కెం పెట్టలేకపోతే మా అబ్బాయి సాయం పట్టాడు.

మీరు చేయవలసింది: కార్డుని ఈ నెల నుంచి బీరువాలో పెట్టేయండి, కరెంటు బిల్లు రొక్కంలోంచే కట్టండి, కార్డు బాకీని ఎక్కడైనా తక్కువ వడ్డీ అప్పులోకి మార్చండి. ఈ రాత్రి అన్నీ ఆపేసి ఫ్రిజ్ ఒక్కటి ఉంచి మీటరు దగ్గర ఒక గంట కూర్చోండి. మీ మీటరు మీద ఎంత అంకె ఉందో, నిమిషానికి ఎన్నిసార్లు వెలిగిందో, మధ్యలో ఆగిందో లేదో కింద రాయండి. మా అబ్బాయి చేత లెక్క కట్టించి చెప్తాను.