డేటాషీట్ ఇవ్వని చిప్‌తో కుస్తీ పడాలా, వదిలేయాలా?

ప్రశ్న: కాకినాడలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. పాత ఆండ్రాయిడ్ టీవీ బాక్సులో లినక్స్ ఎక్కించాను. బూట్ అవుతోంది, వైఫై మాత్రం రావడం లేదు. చిప్ కంపెనీని డేటాషీట్ (చిప్ లోపలి వివరాల పత్రం) అడిగితే, ఎన్‌డీఏ (వివరాలు రహస్యంగా ఉంచుతామనే ఒప్పందం) మీద సంతకం పెట్టిన సంస్థలకే ఇస్తామన్నారు. నాన్న ఇవన్నీ మానేసి జావా నేర్చుకోమంటున్నారు. ఈ దారిలో ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: తమ్ముడూ, వైఫై రాకపోవడం నీ చేతకానితనం కాదు. ఏ రిజిస్టర్‌లో (చిప్ లోపలి చిన్న మెమరీ గదిలో) ఏ బిట్ మారిస్తే చిప్ నిద్రలేస్తుందో తయారుచేసినవాళ్లు చెప్పకపోతే ఎంతటివాడైనా చీకట్లో తడుముకోవాల్సిందే.

మొదటి ‘రాస్‌ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ బోర్డు సంగతి చూడు. దాని బీసీఎం2835 చిప్ మాన్యువల్ 205 పేజీలు, ఎవరైనా చదువుకోవచ్చు. అందులో జీపీఐఓ (ఎల్‌ఈడీ లాంటివి కలిపే పిన్నులు) అడ్రస్ 7ఈ200000 అని ఉంటుంది, ప్రోగ్రాంలో మాత్రం 20200000 అని రాయాలి. ఎందుకో మాన్యువల్ మొదటి పేజీల్లోనే ఉంది, కానీ నాకు తెలిసిన ఒకబ్బాయి అది చదవక ఒక్క ఎల్‌ఈడీ వెలిగించడానికి రెండు రోజులు తంటాలు పడ్డాడు. పుస్తకం చేతిలో ఉంటేనే ఇంత పని! అదే చిప్‌లోని గ్రాఫిక్స్ భాగం వివరాలను బ్రాడ్‌కామ్ 2014 ఫిబ్రవరి 28న బయటపెట్టింది, ఆ తర్వాతే దానికి సరైన ఓపెన్ డ్రైవర్ (చిప్‌ను నడిపించే, ఎవరైనా చూడగల సాఫ్ట్‌వేర్) తయారైంది.

ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల కోసం నూవో అనే ఓపెన్ డ్రైవర్ రాసినవాళ్లకు మొదట్లో ఆ అదృష్టం లేదు. కంపెనీ డ్రైవర్‌ను నడిపిస్తూ అది ఏ అడ్రస్‌లో ఏ విలువ రాస్తోందో నమోదు చేసి, ఒక్క సెట్టింగ్ మార్చి మళ్లీ నమోదు చేసి, రెండు లాగ్‌లను పక్కపక్కన పెట్టి తేడా పట్టుకున్నారు. ఆ పనిలో పుట్టిన ఎంఎంఐఓట్రేస్ అనే నమోదు సాధనం ఇప్పుడు లినక్స్ కెర్నెల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉంది. అయినా 2014 తర్వాతి కార్డుల్లో కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రాం) లేకుండా క్లాక్ స్పీడ్ పెంచడానికి కుదరలేదు. కొన్ని తలుపులు తెలివితేటలతో తెరుచుకోవు, అది నువ్వు ముందే తెలుసుకోవాలి.

అందుకే నేర్చుకోవడానికి పత్రాలున్న బోర్డే కొను. బీగల్‌బోన్ బ్లాక్‌లోని చిప్ మాన్యువల్ దాదాపు 5 వేల పేజీలు, బోర్డు సర్క్యూట్ కూడా బహిరంగమే. ఒక ఐ2సీ (రెండు తీగల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) సెన్సర్‌కి డ్రైవర్ రాసి కెర్నెల్‌కి ప్యాచ్ (కోడ్ మార్పు) పంపు, మెయింటైనర్లు (ఆ కోడ్‌ను చూసుకునేవాళ్లు) తిప్పికొడితే సరిచేసి మళ్లీ పంపు. హైదరాబాద్, బెంగళూరు చిప్ కంపెనీల్లో డ్రైవర్, బీఎస్‌పీ (బోర్డు మీద ఆపరేటింగ్ సిస్టమ్ నడిపించే సాఫ్ట్‌వేర్) ఉద్యోగాలున్నాయి, అక్కడ ఇంటర్వ్యూలో చూపించడానికి అలాంటి ఒక్క ప్యాచ్ చాలు అని నా నమ్మకం. ఇవి జావా ఉద్యోగాలంత ఎక్కువ ఉండవు, నాన్నగారి టెన్షన్‌లో న్యాయం ఉంది. జావా బేసిక్స్ పక్కన నేర్చుకుంటూ ఉండు.

లీకైన డేటాషీట్లు గ్రూపుల్లో తిరుగుతుంటాయి, వాటిని ముట్టుకోకు. అవి చూసి రాసిన కోడ్‌ను మంచి ప్రాజెక్టులు తీసుకోవు.

ఇక నీ బాక్సు. మూత తీసి వైఫై చిప్ మీద నంబరు చదువు, కెర్నెల్ సోర్సులో దాన్ని వెతుకు. dmesg కమాండ్ చూపించే కెర్నెల్ లాగ్‌లో ఫర్మ్‌వేర్ ఫైల్ దొరకలేదన్న లైను ఉందేమో చూడు. చాలాసార్లు డ్రైవర్ అప్పటికే ఉంటుంది, ఆ ఒక్క ఫైలే ఉండదు.