సుగిహారా వీసాలతో జపాన్‌లో దిగినవాళ్లను ఆ తర్వాత ఎవరు చూసుకున్నారు?

రెండో ప్రపంచ యుద్ధంలో, లిథువేనియాలోని కౌనస్‌లో ఉండి పారిపోతున్న యూదులకు వీసాలు రాసిచ్చిన జపాన్ దౌత్యాధికారి సుగిహారా కథ చాలామందికి తెలుసు, కానీ ఓడ దిగాక ఆ యూదు కుటుంబాల బాగోగులు ఎవరు చూశారని మీరు అడిగారు. కోబెలోని యూదు సంఘం తిండీ బసా చూసింది. కాగితాల పని మీద పడ్డవాళ్లలో ఒక్క పేరు చెప్పమంటే మాత్రం తదెవుష్ రోమెర్ అంటాను. అప్పుడు టోక్యోలో పోలండ్ రాయబారి ఆయనే.

నాకు ఈయన సంగతి తెలిసిందే ఒక వీసా గొడవలో. ఒసాకాలో ఉద్యోగం నాది. ఒక ఏడాది నా వీసా పొడిగింపుకి కావాల్సిన కాగితాలు ఇవ్వడానికి అప్పటి కంపెనీవాళ్లు తెగ తిప్పారు. గడువు పదకొండు రోజుల్లోకి వచ్చేసింది. రోజూ పడుకునే ముందు రెసిడెన్స్ కార్డు తీసి ఆ తేదీ చూసుకునేవాణ్ణి, అదేదో రాత్రికి రాత్రి మారిపోతుందన్నట్టు. టికెట్లు ముందే కొన్నాం కదా అని ఆ శనివారం మా ఆవిడతో కలిసి త్సురుగా వెళ్లాను. వ్లాదివోస్తోక్ నుంచి ఓడల్లో వచ్చిన శరణార్థులు దిగిన రేవు అది. ఇప్పుడక్కడ ఒక మ్యూజియం ఉంది. వాళ్లకి ఆపిల్ పళ్లు పంచిన కుర్రాడి గురించి, ఊరికే స్నానాలు చేయనిచ్చిన స్నానశాల గురించి చెబుతారు. నేను మాత్రం వీసా దగ్గరే ఆగిపోయాను. నిలువు వరసల్లో చేత్తో రాసిన జపనీస్ అక్షరాలు, పక్కన ముద్ర. మా ఆవిడ వెనకనుంచి, "మరి వీళ్లకి ఎన్ని రోజులిచ్చారు?" అంది.

మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. 1940 జులై, ఆగస్టుల్లో కౌనస్‌లో సుగిహారా రెండు వేలకు పైగా వీసాలు రాశాడు. కానీ అవన్నీ ట్రాన్సిట్ వీసాలు. జపాన్ మీదుగా వెళ్లిపొమ్మని కొద్ది రోజులు ఇచ్చేవే. వెళ్లేదెక్కడికి? చాలామంది కాగితాల్లో కురసావ్ అని ఉంది, కరేబియన్‌లో డచ్చివాళ్ల చేతిలో ఉన్న దీవి అది. కౌనస్‌లోనే ఉన్న డచ్ గౌరవ కాన్సుల్ జ్వార్టెండైక్ రాసిచ్చిన పేరు. అక్కడికి వెళ్లే ఉద్దేశం ఎవరికీ లేదు, పేరు చాలు.

త్సురుగాలో దిగి కోబె చేరాక ఆ పేరు ఎందుకూ పనికిరాదు. చాలామంది పాస్‌పోర్టులు సరిగ్గా లేవు, వాళ్ల దేశమే జర్మనీకీ సోవియట్‌కీ మధ్య చీలిపోయింది. రోమెర్ చేసింది గుమాస్తా పనిలా కనిపిస్తుంది: పోలిష్ పాస్‌పోర్టులు ఇప్పించడం, గడువులు పొడిగించమని జపాన్ అధికారుల చుట్టూ తిరగడం, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బర్మా, పాలస్తీనాలకు వీసాల కోసం ఎడతెగకుండా అర్జీలు పెట్టడం. సహాయ కమిటీ కూడా ఏర్పాటు చేయించారు. ఆయన భార్య జోఫియా అందులో పనిచేశారు. చూడండి, జపాన్ 1940 సెప్టెంబర్‌లోనే జర్మనీతో ఒప్పందం చేసుకుంది. అయినా పోలండ్ రాయబార కార్యాలయం ఇంకో ఏడాది నడిచింది. ఆ ఏడాదే ఆయనకు చిక్కిన సమయం. 1941 అక్టోబర్‌లో మూసేశారు. అప్పటికీ ఎక్కడికీ వీసా దొరకని వెయ్యి మంది దాకా షాంఘైకి చేరారు, ఆయనా అక్కడికే వెళ్లి 1942 దాకా వాళ్ల పనులే చూశారు.

మిగతా కెరీర్ క్లుప్తంగా. 1894లో ఇప్పటి లిథువేనియాలో పుట్టారు. పారిస్‌లో పోలండ్ రాజకీయ నాయకుడు ద్మోవ్‌స్కీకి కార్యదర్శిగా మొదలుపెట్టి, రోమ్, లిస్బన్ మీదుగా 1937లో టోక్యో చేరారు. షాంఘై తర్వాత సోవియట్‌లో రాయబారి. అక్కడి ఒక్క రాత్రి సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. సోవియట్ పోలీసులు వేలమంది పోలిష్ సైనికాధికారులను చంపిన కతిన్ హత్యల వ్యవహారం బయటపడ్డాక, 1943 ఏప్రిల్ 25 అర్ధరాత్రి సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ పిలిపించి, పోలండ్‌తో సంబంధాలు తెంచుకుంటున్నామన్న నోట్ చదివి వినిపించాడు. రోమెర్ తీసుకోనన్నారు. హోటల్‌కి పంపిస్తే తిప్పి పంపేశారు. తెగిన సంబంధాలు ఎలాగూ తెగాయి. జీవితమంతా కాగితాల కోసం పోరాడిన మనిషి ఒక కాగితాన్ని ముట్టుకోనని మొండికేయడం నాకు భలే నచ్చింది.

నా సంగతికొస్తే, గడువుకి రెండు రోజుల ముందు దరఖాస్తు తీసుకున్నారు. నిర్ణయం వచ్చేదాకా రెండు నెలల వరకు ఉండనిస్తారని అప్పుడే తెలిసింది. ఇక్కడుండే మనవాళ్లు గుర్తుపెట్టుకోండి.

రోమెర్ సోవియట్ తర్వాత లండన్‌లోని పోలండ్ ప్రవాస ప్రభుత్వంలో 1944 నవంబర్ వరకు విదేశాంగ మంత్రి. యుద్ధం అయ్యాక పోలండ్ కమ్యూనిస్టుల చేతికి వెళ్లింది, ఆయన తిరిగి వెళ్లలేదు. 1948లో కెనడా చేరి మెక్‌గిల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకున్నారు. 1978లో మాంట్రియల్‌లో పోయారు. కోబె శరణార్థుల కోసం ఆయన వీసాలు అడిగిన దేశాల్లో కెనడా ఒకటి, కొద్దిమందికే ఇచ్చింది.