గన్నవరం నుంచి రేణిగుంటకు విమానంలో ఎంతసేపు?

రెండు రన్‌వేల మధ్య సూటిగా గీత గీస్తే సుమారు 350 కిలోమీటర్లు. ఇలాంటి దూరాలకు ఎక్కువగా వాడే ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది కాబట్టి, లెక్కప్రకారం 42 నిమిషాలు చాలు. కానీ టికెట్ మీద గంట, గంటా పది నిమిషాలు కనిపిస్తుంది. అందులో తప్పేమీ లేదు. టికెట్ మీది సమయం విమానం కదిలినప్పటి నుంచి అవతల ఆగేదాకా. రన్‌వే దాకా నడిపించుకెళ్లడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించి మలుపు తిరగడం అన్నీ అందులోనే. గాల్లో నిజంగా ఉండేది ముప్పావుగంట పైచిలుకు. ఎడమవైపు కిటికీ సీటు దొరికితే వదలకండి, చాలాదూరం సముద్రం వైపే చూపు ఉంటుంది.

అసలు లెక్క నేలమీదుంది. బెజవాడ ఊళ్లోంచి గన్నవరం దాదాపు 20 కిలోమీటర్లు, చెకిన్ కౌంటర్ విమానం బయల్దేరడానికి గంట ముందే మూసేస్తారు. అవతల రేణిగుంట నుంచి తిరుపతి మరో 15. కొండకైతే అలిపిరి దగ్గర అందరూ దిగి సామాన్లు తనిఖీ చేయించుకోవాలి, ఆపైన ఘాట్ రోడ్డు ఎక్కాలి. ఇంటి గడప నుంచి తిరుమల దాకా ఐదు గంటలు వేసుకోండి. రైల్లో తిరుపతికే ఆరేడు గంటలు. రాత్రి రైల్లో బెర్తు దొరికితే నేనైతే విమానం జోలికి పోను.