గ్లాస్ క్లాత్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి వ్రాయునది.

జీడిమెట్ల యూనిట్‌లో గ్లాస్ క్లాత్, అంటే గాజు పోగుల గుడ్డ, కొనుగోలు నీకు అప్పగించారని, రాణిగంజ్ దుకాణాల్లో మీటరు ధరలు విచారిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ధర అడిగే ముందు ఆ గుడ్డ ఎక్కడ పని చేయబోతోందో స్వయంగా వెళ్లి చూడు. అక్కడ వేడి ఎంత, నూనె గానీ యాసిడ్ గానీ తగులుతుందా, గుడ్డ మీద లాగుడు ఉంటుందా అన్నవి తెలియకుండా అడిగిన ధర దేనికీ పనికిరాదు.

మామూలుగా దొరికే ఈ-గ్లాస్ అనే రకం గాజు నూలు దాదాపు 550 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకుంటుంది. దుకాణదారులు ఈ అంకెనే చెప్పి పూత వేసిన గుడ్డను కూడా అమ్ముతారు. అది నూలుకు చెందిన అంకె, పూతకు కాదు. సిలికాన్ పూత 260 డిగ్రీల వరకే నిలకడగా పని చేస్తుంది, పాలియురేథేన్ పూత అంతకన్నా చాలా ముందే పాడవుతుంది. కాబట్టి పూత ఉన్న గుడ్డకు పూత హద్దే హద్దు అని లెక్కవేసుకో. నూలు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. 550 డిగ్రీల దగ్గర అది కరగకపోయినా, అంతకు చాలా ముందే బలం కోల్పోతుంది కనుక, లాగుడు పడే చోట ఆ అంకెను నమ్ముకోకూడదు.

బొల్లారం మందుల ఫ్యాక్టరీలకు మీరు కుట్టి ఇచ్చే ఇన్సులేషన్ జాకెట్లనే తీసుకో. పది బార్ల స్టీమ్ లైన్ వేడి 185 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి రెండు వైపులా సిలికాన్ గుడ్డ వేసినా నడుస్తుంది. వేడి నూనె పారే థర్మిక్ ఫ్లూయిడ్ లైన్ 300 డిగ్రీలకు చేరితే మాత్రం లోపలి వైపు పూత లేని గుడ్డ, మధ్యలో వేడిని ఆపే ఖనిజ ఉన్ని, బయటి వైపు సిలికాన్ గుడ్డ ఉండాలి. వాల్వ్ దగ్గర నూనె కారి ఉన్నిలోకి ఇంకితే నిప్పు తగలకుండానే అంటుకునే ప్రమాదం ఉంది. ఆ కారణంగానే బయటి పొరతో పాటు అతుకులను కూడా నువ్వు చేత్తో తడిమి చూసిన తర్వాతే సరుకు పంపు. మగ్గం నుంచి నేరుగా వచ్చిన గుడ్డ మొదటిసారి వేడెక్కినప్పుడు నూలుకు పట్టించిన గంజి, నూనె కాలి పొగ వస్తుందని, అది సహజమేనని ఫ్యాక్టరీ వారికి ముందుగానే చెప్పి ఉంచు.

వెల్డింగ్ తెరగా నిలువుగా వేలాడదీసిన గుడ్డ మీద పడిన నిప్పురవ్వ జారిపోతుంది. నేల మీద పరిచిన గుడ్డ మీద కరిగిన ఇనుప బొట్టు అక్కడే నిలిచి ఈ-గ్లాస్‌ను కరిగించి కిందికి దిగుతుంది. పరిచే పనికి దాదాపు 1000 డిగ్రీలు తట్టుకునే సిలికా గుడ్డ కొను, సిలికాన్ పూత గుడ్డ వేరు, ఇది వేరు. అది ఖరీదైనదే, అయినా ఇక్కడ బేరమాడి తక్కువ రకానికి దిగవద్దు.

ఎఫ్‌ఆర్‌పీ ట్యాంకుల (గాజు పోగులను రెజిన్ అనే ద్రవంలో తడిపి గట్టిపరచి చేసేవి) సంగతి వేరు. నేయకుండా తరిగిన పోగులను పరిచి చేసే చాప్‌డ్ మ్యాట్‌లోని పోగులను పట్టి ఉంచే జిగురు పాలిస్టర్, వినైల్ ఎస్టర్ రెజిన్లలో ఉండే స్టైరీన్‌కు కరుగుతుంది. ఎపాక్సీ రెజిన్‌లో స్టైరీన్ ఉండదు, జిగురు కరగదు కనుక దానికి నేసిన గుడ్డ వాడాలి, ఆ గుడ్డకు ఎపాక్సీకి సరిపడే సైలేన్ ఫినిష్ (గాజుకు రెజిన్ పట్టుకునేలా చేసే పూత) ఉందని బిల్లులో రాయించుకో. యాసిడ్ తగిలే లోపలి ముఖానికి సీ-గ్లాస్ (యాసిడ్‌ను తట్టుకునే గాజు) టిష్యూ అనే పలుచని పొరతో రెజిన్ ఎక్కువగా ఉన్న పొర ముందు రావాలి, మ్యాట్, రోవింగ్ (లావు పోగులతో నేసిన గుడ్డ) ఆ వెనుకే. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గాజునే తినేస్తుంది కనుక అక్కడ పాలిస్టర్ టిష్యూ వేయించు. రెజిన్ గట్టిపడటాన్ని తొందరపెట్టే కోబాల్ట్‌ను, దాన్ని గట్టిపరిచే హార్డనర్‌ను ఎప్పుడూ నేరుగా కలపనీయకు, పేలుతుంది. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిసిన తర్వాతే హార్డనర్ పోయాలి. మే నెల మధ్యాహ్నాల్లో రెజిన్ తొందరగా గట్టిపడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలిపించు.

సరుకు వచ్చిన రోజే పది సెంటీమీటర్ల చదరపు ముక్క కత్తిరించి తూకం వేసి, వచ్చిన గ్రాములను వందతో గుణించు, జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో తెలుస్తుంది. పడుగు, పేక పోగులు సెంటీమీటరుకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి టెస్ట్ సర్టిఫికెట్‌తో సరిచూడు. వానాకాలంలో రోల్స్‌ను ప్లాస్టిక్ కవరు తీయకుండా, నేలకు ఎత్తుగా పెట్టించు, చెమ్మ పట్టిన మ్యాట్‌కు రెజిన్ సరిగా అంటదు.

కోసేవారికి దురద పుడుతుంది. ఈ పోగులు ఆస్బెస్టాస్‌లా నిలువునా చీలి సన్నబడవు, అయినా మాస్కు, చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి చెయ్యి. ఒంటి మీది దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదనీయవద్దు, రుద్దకుండా చన్నీళ్లతో కడుక్కోమను. ఆర్డర్ కాగితం సిద్ధమయ్యాక, పంపే ముందు ఒకసారి నాకు చూపించు.

ఆశీస్సులతో,
మామయ్య