మాస్కుల డిజైన్ చదువుతానంటే చేర్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఇంగ్లిష్ లిటరేచర్ ఆఖరి సంవత్సరం. గ్రీకు ట్రాజెడీలకు, అంటే ప్రాచీన గ్రీకు విషాద నాటకాలకు దుస్తులు, మాస్కులు డిజైన్ చేస్తానంటోంది. ఫ్యాషన్ కోర్సులో చేర్చమంటారా? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అప్పుడే వద్దమ్మా. ఫ్యాషన్ కోర్సులో బట్ట, కుట్టు బాగా నేర్పుతారు. మీ అమ్మాయి అడుగుతున్నది ఆహార్యం, అంటే నాటకంలో పాత్రకు కట్టే వేషం. ఆ బట్ట కట్టుకున్న మనిషి వేదిక మీద ఏం చేస్తాడో ముందు తెలియాలి.

క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో మాట్లాడే పాత్రలన్నిటినీ ముగ్గురు నటులే పంచుకునేవారు, ముగ్గురూ మగవాళ్లే. గ్రీకు నాటకకర్త యూరిపిడిస్ రాసిన ‘బాకే’లో పెంథియస్ రాజు వేషం వేసినవాడే, తర్వాత ఆ పెంథియస్ తల చేత పట్టుకుని అతని తల్లి అగావేగా వచ్చేవాడని పండితుల అంచనా. ఆ తల బహుశా ఇందాక తను తీసిన మాస్కే! డిజైనర్ ఆ నాటకానికి మొదట లెక్క వేసుకోవాల్సింది ఆ వేషం మార్పుకు దొరికే టైమ్.

అప్పటి మాస్కు జుట్టుతో సహా తలంతా కప్పేది. బిగువెక్కించిన నారబట్టతో చేసేవారంటారు గానీ అసలువి ఒక్కటీ మిగల్లేదు. ఇటలీలోని నేపుల్స్ మ్యూజియంలో ఉన్న ప్రోనోమోస్ కలశం అనే ప్రాచీన గ్రీకు కూజా మీద మాస్కులు పట్టుకున్న నటుల బొమ్మలున్నాయి, నెట్‌లో చూడమనండి. ఎత్తు బూట్లు గీసుకొస్తే మాత్రం కొట్టేయండి, అవి తర్వాతి కాలానివి. 1981లో లండన్‌లో దర్శకుడు పీటర్ హాల్ ‘ఒరెస్టియా’ అనే గ్రీకు నాటకాల వరసను పూర్తిగా మాస్కులతో, మగవాళ్లతోనే వేయించారు. ఆ మాస్కులు డిజైనర్ జోసెలిన్ హెర్బర్ట్‌వి. ఆ ఫొటోలూ చూడాలి.

ఈ సెలవుల్లో ఓ పని చెప్పండి. పాత కాటన్ చీర ముక్కలు, చిక్కటి గంజి తీసుకుని రెండు మాస్కులు చేయాలి. పెట్టుకుని మేడ మీద ఇరవై నిమిషాలు డైలాగులు చెప్పాలి. ముఖం కదలదు, పక్కచూపు ఉండదు, కాబట్టి మెడ, భుజాలే మాట్లాడాలి. చెమట పట్టి, ఊపిరాడక తీసి పారేసినా, మర్నాడు కళ్ల రంధ్రాలు సరిచేస్తూ కూర్చుంటే ఆ పిల్లను ఆపకండి.

డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. ఢిల్లీ ఎన్‌ఎస్‌డీలో (నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా) మూడేళ్ల డిప్లొమా ఉంది. ఎన్‌ఎస్‌డీకి నాటకాల్లో పనిచేసిన అనుభవం, హిందీ రెండూ కావాలి. కాలేజీ నాటకాలకు తెర వెనక పని ఇప్పుడే మొదలుపెట్టమనండి.

డబ్బు సంగతి: మన దగ్గర గ్రీకు నాటకాల మీదే బతకడం కుదరదు. సినిమా, సీరియల్, యాడ్ కాస్ట్యూమ్ పనులు చేసుకుంటూ నాటకం చేయాలి. మొదట్లో ఆదాయం నిలకడగా ఉండదు. ఆ టెన్షన్ మీరు తట్టుకోగలరో లేదో కూడా ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి.