స్టిక్‌కి మార్చగానే ‘నో సిగ్నల్’ వస్తోందా?

సముద్రం ఒడ్డున అంతర్వేది దగ్గర ఉంటున్నామంటూ మీరు అడిగిన ప్రశ్నకి జవాబిది. సెట్‌టాప్ బాక్స్ బొమ్మ బాగానే వచ్చి, బటన్ నొక్కి స్టిక్‌కి (ఇంటర్నెట్ వీడియోలు చూపించే, టీవీకి తగిలించే చిన్న పరికరం) మార్చగానే ‘నో సిగ్నల్’ అంటోందంటే టీవీ పాడైనట్టు కాదండి. చాలావరకు స్విచ్ బాక్స్‌కి (సెట్‌టాప్ బాక్స్‌నీ, స్టిక్‌నీ ఒకే తీగతో టీవీకి కలిపే డబ్బా) కరెంటు చాలకే. బొమ్మనీ, శబ్దాన్నీ మోసే హెచ్‌డీఎమ్‌ఐ తీగలో సెట్‌టాప్ బాక్స్, స్టిక్ లాంటి పరికరం కచ్చితంగా ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 55 మిల్లీ ఆంపియర్లే.

1. స్విచ్ పక్కన చిన్న పవర్ రంధ్రం చూడండి. అందరూ వదిలేసేది ఇదే! దానికి 5 వోల్టుల అడాప్టర్ పెట్టండి. సెట్‌టాప్ బాక్స్‌ది 12 వోల్టులదైతే, పిన్ను పట్టినా సరే పెట్టకండి, స్విచ్ కాలిపోతుంది.

2. స్టిక్‌కి దాని సొంత ఛార్జరే వాడండి.

3. ముందు టీవీ, తర్వాత స్విచ్, ఆఖర్న స్టిక్ ఆన్ చేయండి. కరెంటు పోయి వచ్చినా ఇదే వరుస.

అంతర్వేది దగ్గర అన్నారు కదా, అక్కడి ఉప్పుగాలికి పిన్నులు చిలుమెక్కుతాయి. అన్నీ ఆపేసి తీగల్ని రెండుమూడుసార్లు పీకి గుచ్చండి.