క్వార్ట్జ్ క్రిస్టల్ మైక్రోబ్యాలెన్స్ (కంపించే స్ఫటికపు బిళ్ళతో అతి చిన్న బరువులను కొలిచే పరికరం) ద్రావణంలో ఉండగానే నానోగ్రాముల మార్పును ఎలా పట్టేస్తుంది?

బిళ్ళ కంపించే వేగాన్ని బట్టి: బంగారు పూత ఉన్న క్వార్ట్జ్ బిళ్ళపై ఏదైనా పేరుకుంటే ఫ్రీక్వెన్సీ (సెకనుకు కంపనాల సంఖ్య) తగ్గుతుంది, కరిగిపోతే పెరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త సావర్‌బ్రే 1959లో ఇచ్చిన లెక్క ప్రకారం 5 మెగాహెర్ట్జ్ బిళ్ళలో ఒక్క హెర్ట్జ్ తగ్గితే చదరపు సెంటీమీటరుకు దాదాపు 17.7 నానోగ్రాములు చేరినట్టు. ఆ పూతే ఎలక్ట్రోడ్ కూడా కాబట్టి కరెంటునూ బరువునూ ఒకేసారి చూడొచ్చు. దీని అసలు గొప్పతనం ఇదే.

భీమవరం రొయ్యల చెరువు ఉప్పునీళ్ళు రాగిని ఎంత త్వరగా తినేస్తాయో చూడాలనుకోండి. బిళ్ళకు రాగి పూత పూసి ఆ నీళ్ళలో ఉంచితే, రాగి కరిగేకొద్దీ ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది. చిలుము పట్టి అక్కడే అంటుకుంటే కిందికి దిగుతుంది.

ఫ్రీక్వెన్సీ పడితే బరువు పెరిగినట్టేనని చాలామంది పొరబడతారు. పొడి బిళ్ళకు ఒకవైపు మంచినీళ్ళు తగిలినా చాలు, ఏమీ అంటకుండానే సుమారు 700 హెర్ట్జ్ పడిపోతుంది. అది నీటి చిక్కదనం, సాంద్రతల ప్రభావం. అందుకే నీళ్ళలో రీడింగు నిలకడయ్యాకే సున్నా పెట్టుకోవాలి.